లూపుని కుదించకండి, విప్పి రాయండి

"లూపులో లూపు వస్తే ఒక్క లైనులోకి ఎలా కుదించాలి మాస్టారూ?" అని అడిగే పిల్లలకి నేను ఎప్పుడూ ఒకటే జవాబు చెబుతాను. కుదించొద్దు. నాలుగు లైన్లు పట్టేదాన్ని ఆరు లైన్లు చెయ్యండి. మూడు మెట్లు ఉంటే మూడూ కనపడనివ్వండి.

బెజవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద గదిలో పైథాన్ నేర్చుకుని ఇంటర్వ్యూలకి వెళ్ళిన పిల్లలు కొందరు తిరిగొచ్చి మొహం చిన్నబుచ్చుకున్నారు. "మీరు చెప్పినట్టు పొడుగ్గా రాస్తే పెదవి విరిచారండీ, ఒక్క లైనులో రాయలేవా అన్నారు" అని చెప్పారు. విని బాధపడ్డాను గానీ సలహా మార్చుకోలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేవి చాలామంది ప్రోగ్రామర్లకి తలకిందుల మాటల్లా ఉంటాయి. మంచి పైథాన్ పుస్తకాలు కూడా వీటికి అడ్డంగానే చెబుతాయి. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి ఏడాది ఇవే పాటించాలని నా గట్టి నమ్మకం. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను.

మొదటి రోజు కీబోర్డు ముట్టుకోవద్దు

కొత్తగా చేరినవాళ్ళని ముందు ప్రకాశం బ్యారేజీ దగ్గరికి పంపిస్తాను. గేట్లు లెక్కపెట్టి రమ్మంటాను. 70 ఉంటాయి. కొందరు అరవై ఎనిమిదనీ, డెబ్భై ఒకటనీ చెబుతారు. మళ్ళీ పంపిస్తాను. మొదటి లూపు కాళ్ళతో తిరగాలి.

1855లో పూర్తయిన పాత ఆనకట్ట తర్వాత 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. బెజవాడ వైపు వదిలిన నీళ్ళు ఊళ్ళోనే మూడు కాలువలుగా చీలిపోతాయి: ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. సీతానగరం వైపు నుంచి పడమటి డెల్టాకి వెళ్ళే కాలువ వేరే ఉంది. ప్రతి కాలువ మీదా తూములు, తూము కింద పంట బోదెలు, బోదె వెంట చేలు. 12 లక్షల ఎకరాలకి పైగా ఆయకట్టు ఈ కొమ్మలూ రెమ్మల మీదే బతుకుతోంది. నెస్టెడ్ లూప్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపించే బొమ్మ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. డెల్టా పిల్లలు దాన్ని పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉన్నారు, పేరే తెలియదు.

చూసి వచ్చాక కాగితం ఇచ్చి, నీళ్ళ లెక్క రాయమంటాను. పైథాన్ వద్దు, తెలుగులో రాయమంటాను. లోపలికి వెళ్ళేకొద్దీ జరిపి రాయమంటాను. ఇలా వస్తుంది:

    ప్రతి కాలువకీ
        ఆ కాలువ మీది ప్రతి తూముకీ
            ఆ తూము కింది ప్రతి చేనుకీ
                నీళ్ళు అందాయో లేదో రాయి

ఈ నాలుగు లైన్లలో ఒక్క చిన్న మాట దగ్గర ఆగండి. రెండో లైనులోనూ మూడో లైనులోనూ 'ఆ' ఉంది. ఆ కాలువ మీది తూము, ఆ తూము కింది చేను. లోపలి లూపు బయటి లూపుని అడిగి నడుస్తోందని ఆ ఒక్క అక్షరమే చెబుతోంది. 'ఆ' పెట్టకుండా వాక్యం కుదిరిందంటే రెండు లూపులకీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదన్నమాట. ఉదాహరణకి ప్రతి వారానికీ, ప్రతి కాలువకీ నీళ్ళ వంతు రాయాలనుకోండి. వారాలు వేరు, కాలువలు వేరు. ఇక్కడ 'ఆ' అక్కర్లేదు.

లూపులు కుదించడానికి అందరూ ముందుగా చెప్పే పనిముట్టు ఇటర్‌టూల్స్‌లోని ప్రొడక్ట్. ఒక లిస్టులోని ప్రతిదాన్నీ ఇంకో లిస్టులోని ప్రతిదానితో జతకట్టేస్తుంది. 2008లో పైథాన్ 2.6తో వచ్చింది. అది 'ఆ' లేనిచోట మాత్రమే సరిగ్గా అతుకుతుంది. 'ఆ' ఉన్నచోట దాన్ని పెడితే బందరు కాలువ తూముల్ని ఏలూరు కాలువకి కూడా అంటగడుతుంది. ఎర్రర్ రాదు. లెక్క మాత్రం మూడింతలు పెరిగి వస్తుంది. కంప్యూటర్ చెప్పింది కదా అని నమ్మేస్తాం.

బస్సు చార్జీల పట్టిక తీసుకోండి. విజయవాడ, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, మచిలీపట్నం, అయిదు స్టేజీలు. ప్రొడక్ట్‌కి ఇస్తే 25 జతలు వస్తాయి. అందులో ఉయ్యూరు నుంచి ఉయ్యూరుకి టిక్కెట్టు కూడా ఉంటుంది. మనకి కావలసింది 10. తెలుగులో రాస్తే 'ప్రతి స్టేజీకీ, ఆ స్టేజీ తర్వాతి ప్రతి స్టేజీకీ' అని 'ఆ' వచ్చి నిలబడుతుంది. దీనికి కాంబినేషన్స్ అని ఇంకో పనిముట్టు ఉన్న మాట నిజమే. ఏది ఎప్పుడు తియ్యాలో తెలియాలంటే మాత్రం ముందు ఆ వాక్యం రాయగలగాలి.

పని మాట చివర ఉండాలి

లూపుని బ్రాకెట్లో పెట్టి ఒక్క లైనుగా మడిచే ఇంకో పనిముట్టు, లిస్ట్ కాంప్రహెన్షన్, పైథాన్ 2.0తో, అంటే 2000లో వచ్చింది. గణితంలో సమితులు రాసే పద్ధతి దాని వెనక ఉంది. హాస్కెల్ లాంటి భాషలు అప్పటికే వాడుతున్నాయి. అందులో ఫలితం ముందు రాస్తారు, ఎక్కడెక్కడ తిరగాలో తర్వాత రాస్తారు. ఇంగ్లీషు వాక్యం నడిచేదీ అలాగే, పని ముందు, చోటు వెనక.

మన వాక్యం అలా నడవదు. 'రైవస్ కాలువ మీది మూడో తూము కింది చివరి చేనుకి నీళ్ళు పెట్టు' అంటాం. బయటి నుంచి లోపలికి వెళ్తూ వెళ్తూ చివర పని చెబుతాం. విప్పి రాసిన ఫర్ లూపు కూడా అచ్చంగా ఇదే దారిలో వెళ్తుంది. బయటిది పైన, లోపలిది కింద, అన్నిటికంటే లోపల పని. తెలుగు పిల్లవాడికి పొడుగాటి లూపు సొంత వాక్యం. దాన్ని ఒక్క లైనులోకి మడిచామంటే, వాడు తన తలలో ఉన్న వాక్యాన్ని ముందు ఇంగ్లీషు వరసలోకి తిప్పుకుని ఆ తర్వాత పైథాన్ రాయాలి. రెండు పనులు ఒకేసారి చేస్తూ తప్పు చేస్తే, పాపం, తనకి ప్రోగ్రామింగ్ రాదనుకుంటాడు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఒకే బ్రాకెట్‌లో రెండు ఫర్‌లు రాస్తే పని మాట ఒక్కటే ఎగిరి ముందుకొస్తుంది, లూపులు పాత వరసలోనే, బయటిది ముందు లోపలిది తర్వాత, ఉంటాయి. బ్రాకెట్‌లో బ్రాకెట్ పెట్టి వరసల పట్టిక తయారు చేస్తే మాత్రం బయటి లూపు కుడి చివరికి పోతుంది. ఒకే పనిముట్టుకి రెండు చదువుడు దిశలు. ఏళ్ళ తరబడి రాస్తున్నవాళ్ళు కూడా ఇక్కడ ఒక్క క్షణం ఆగి వేలు పెట్టి చదువుకోవడం చూశాను. మొదటి ఏడాది పిల్లవాడి నెత్తిన ఈ బరువు పెట్టకండి.

చింతపిక్కలు తెచ్చుకోండి

ఇది విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వినా ఫర్వాలేదు, తెచ్చుకోండి.

సంక్రాంతి ముగ్గు చెప్పేటప్పుడు మా అమ్మ "పదిహేను చుక్క, ఎనిమిది వచ్చేదాకా, సందు చుక్క" అనేది. అంతే, ముగ్గు మొత్తం అందులోనే ఉంది. మధ్య వరసలో పదిహేను చుక్కలు. దానికి పైన పద్నాలుగు, ఆ పైన పదమూడు, అలా ఎనిమిది దాకా. కింద కూడా అంతే. సందు చుక్క అంటే పై వరస చుక్క కింది రెండు చుక్కల నడిమిన పడాలి. మా అమ్మ వాక్యం కంటే పొట్టిగా ఏ ప్రోగ్రామూ రాయలేరు. కానీ ఆవిడ ఆ వాక్యం చెప్పగలిగింది, వాకిట్లో ఒంగి ఒక్కొక్క చుక్కా పెట్టిన తర్వాత. ఆ పెట్టడం ఎగ్గొట్టి వాక్యం ఒక్కటే పట్టుకుందామని మనం చూస్తున్నాం.

ఈ ముగ్గులో లోపలి లూపు ఎన్నిసార్లు తిరగాలో బయటి లూపు చెబుతుంది. ప్రొడక్ట్‌కి లొంగదు. పదిహేను వరసల్లో పదిహేనేసి పెట్టి 225 చుక్కల్లోంచి అక్కర్లేనివి చెరిపేద్దామంటే సందు చుక్క చెడిపోతుంది.

గుడివాడ నుంచి రోజూ వచ్చే ఒక అమ్మాయి కిందటేడు ఈ లెక్క చేసింది. ముందు నేల మీద చింతపిక్కలతో ముగ్గు పేర్చమన్నాను. గంట పట్టింది. పేర్చి లెక్కపెడితే 169 వచ్చాయి. ఆ తర్వాత ప్రోగ్రాం రాసింది. చుక్కకి బదులు స్టార్ గుర్తు, మొత్తం ఎన్నో కింద. కంప్యూటర్ 153 అంది.

"పదహారు తేడా వచ్చిందండీ," అంది.

"తేడా ఎక్కడుందమ్మా?"

లేచి నేల మీది ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగింది. స్క్రీన్ మీది వరసలు, కింది వరసలు చూసుకుంది. "పై అంచున ఎనిమిది, కింది అంచున ఎనిమిది లేవండీ. నేను ఎనిమిది దాకా అని రాశాను, అది తొమ్మిది దగ్గరే ఆగిపోయింది."

రేంజ్(14, 8, -1) అని రాసింది. రేంజ్ చివరి అంకెని ముట్టుకోదు, దానికి ముందే ఆగుతుంది. రేంజ్(14, 7, -1) అని రాయాలి. ఆ సంగతి నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోయేవాళ్ళున్నారు. ఆ అమ్మాయి ఇక మర్చిపోదు, ఆ పదహారు పిక్కలూ చేత్తో ఏరి పక్కన పెట్టింది కాబట్టి. అదే ప్రోగ్రాం ఒక్క లైనులో ఉండి ఉంటే తప్పు రేంజ్‌లో ఉందో, ఖాళీల లెక్కలో ఉందో, ప్రింట్‌లో ఉందో విడదీసి చూడడానికి చోటే ఉండదు. విప్పి ఉంది కాబట్టి మధ్యలో ఒక ప్రింట్ పెట్టి ఏ వరస దాకా వచ్చిందో అడగగలిగింది.

కాబట్టి ఏ నెస్టెడ్ లూప్ అయినా ముందు మొత్తం ఎన్నిసార్లు తిరుగుతుందో చేత్తో లెక్కకట్టండి. ఆ అంకెని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాతే రన్ నొక్కండి.

ఐ, జే, కే లు వద్దు

పేర్లు తెలుగులో పెట్టండి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కాదు, తెలుగు అక్షరాల్లోనే. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 నుంచి వేరియబుల్ పేర్లు మన లిపిలో పెట్టుకోవచ్చు. ఫర్, ఇన్ లాంటి మాటలు మాత్రం పైథాన్‌వి పైథాన్‌కే వదిలెయ్యాలి. ఇంత మంచి సౌకర్యం పక్కనే ఉండగా మన పిల్లలు ఐ, జే అని రాసుకుని, ఐ వరసా నిలువా అని తలలు పట్టుకోవడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

'ఫర్ తూము ఇన్ తూములు' అని రాసి చూడండి. ఒకటి ఏదో, గుంపు ఏదో వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషులో గుంపుకి చివర ఒక్క ఎస్ తగులుతుంది, కన్ను జారిపోతుంది. తెలుగులో 'లు' నిండుగా కూర్చుంటుంది. చేను, చేలు అయితే మాటే మారిపోతుంది, ఇక పొరబడే అవకాశమే లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. 'బ్లాక్‌లు' అని టైపు చేస్తే పైథాన్ ఒప్పుకోదు. క పొల్లుకీ లు కీ మధ్య కంటికి కనపడని అక్షరం ఒకటి కూర్చుంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. పొల్లు పక్క అక్షరంతో కలిసి ఒత్తు కాకుండా ఆపేది అదే. రాతలో అది కావాలి, వేరియబుల్ పేరులో కూడదు. కనపడనిదాని మీద ఎర్రర్ వస్తే పిల్లలు బెదిరిపోతారు. 'బ్లాకులు' అని రాసుకుంటే ఏ గొడవా లేదు. మన పల్లెల్లో అనేది కూడా అలాగే.

ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషు పేర్లే పెట్టమంటారు. పెట్టండి. అప్పటికి లూపు మీ చేతికి వచ్చేసి ఉంటుంది, పేరు మార్చడం ఎంతసేపు.

ఒకే పొలానికి మూడు పాస్‌పుస్తకాలు

పొట్టిగా రాయాలనే ఆత్రం పైథాన్‌లో ఎంత నష్టం చేస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. మూడు వరసలు, మూడు గళ్ళు, అన్నిట్లో సున్నాలు ఉన్న పట్టిక కావాలి. చిట్కాల పిచ్చి ఉన్నవాళ్ళు ఇలా రాస్తారు:

    [[0] * 3] * 3

చూడడానికి ముచ్చటగా ఉంటుంది. ప్రింట్ చేస్తే మూడు వరసలూ కనపడతాయి. ఇప్పుడు మొదటి వరస మొదటి గడిలో 5 వెయ్యండి. మూడు వరసల్లోనూ 5 పడుతుంది. అక్కడ ఉన్నవి మూడు వరసలు కావు. ఉన్నది ఒక్క వరస, దానికి మూడు పేర్లు. ఒకే పొలాన్ని మూడు పట్టాదారు పాస్‌పుస్తకాల్లో ఎక్కించినట్టు. ఒకరు దమ్ము చేస్తే ముగ్గురి పేరునా దమ్ము అయినట్టే కనపడుతుంది. పుస్తకాలు చూసినవాడు మూడెకరాలు అనుకుంటాడు, నేల మాత్రం ఎకరమే.

విప్పి రాస్తే ఈ ప్రమాదం లేదు. ఖాళీ పట్టిక తీసుకో. మూడుసార్లు తిరుగు. తిరిగిన ప్రతిసారీ కొత్త వరస చేసి, మూడు సున్నాలు వేసి, పట్టికకి కలుపు. ఆరు లైన్లు. 'కొత్త వరస' అన్న పని బయటి లూపు లోపల కళ్ళెదురుగా ఉంటుంది. ఇది ఎంతమంది చేతుల్లో పేలిందో నాకు తెలుసు. సగం రాత్రి దాకా మేలుకుని, కంప్యూటర్ పాడైపోయిందని నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు.

శివారుకి నీళ్ళు రాలేదు

ఒక కుర్రాడు తమ ఊరి దగ్గరి రైతుల సంఘానికి బాకీల పట్టిక చేసిపెట్టాడు. ఒక ఫైల్లో ఊళ్ళు, ఇంకో ఫైల్లో బాకీలు. బయటి లూపులో ఊళ్ళు చదివి, లోపలి లూపులో బాకీల ఫైలు చదివి, ఆ ఊరివి ఏరి కలపాలి. లూపు రాసింది బాగానే రాశాడు. ఫలితంలో మొదటి ఊరు తప్ప అన్ని ఊళ్ళకీ సున్నా. సంఘం పెద్దాయన "ఒక్క ఊరివాళ్ళే బాకీపడ్డారా బాబూ?" అన్నారట.

తప్పు లూపులో లేదు. ఫైలుని ఒకసారి చివరిదాకా చదివాక అది ఖాళీ అయిన బోదె లాంటిది. రెండో ఊరు వచ్చేసరికి చదవడానికి ఏమీ మిగల్లేదు. లోపలి లూపు ఒక్కసారి కూడా తిరగకుండా, చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చేసింది. కాలువ మొదట్లో ఉన్నవాడి చేను నిండింది, శివారువాడికి చుక్క లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇదే చోట ప్రొడక్ట్ వాడి ఉంటే తప్పు రాకపోను. అది తనకి ఇచ్చినవన్నీ ముందే పూర్తిగా చదివి దాచుకుంటుంది. కుదించమనే స్నేహితుడు ఒకడు నాకు ఈ ఉదాహరణే చూపించి "ఇప్పుడేమంటారు?" అన్నాడు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆ కుర్రాడు తప్పులో పడి, ఫైలు ఎందుకు ఖాళీ అయిందో తెలుసుకుని, బాకీల్ని ముందుగా ఒక లిస్టులోకి తీసుకోవాలని తనంతట తను కనిపెట్టాడు. ప్రొడక్ట్ ఆ తప్పుని కప్పేసేది, కారణం వాడికి ఎప్పటికీ తెలిసేది కాదు. రేపు ఇంకోచోట అదే గుంటలో పడేవాడు.

తూము మూస్తే కాలువ ఆగదు

బ్రేక్ గురించి చిన్న ముక్క. బ్రేక్ తాను ఉన్న లూపు నుంచి మాత్రమే బయటపడుతుంది. లోపలి లూపులో బ్రేక్ అన్నా బయటి లూపు తన దారిన తాను తిరుగుతూనే ఉంటుంది. తూము మూస్తే ఆ తూము కింద నీళ్ళు ఆగుతాయి, కాలువలో పారే నీళ్ళు ఆగవు. కాలువ ఆగాలంటే హెడ్ రెగ్యులేటర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. లూపులకి పేర్లు పెట్టి ఫలానా లూపు నుంచి బయటికి రా అని చెప్పే వీలు పైథాన్‌కి కావాలని 2007లో ఒక ప్రతిపాదన వచ్చింది, 3136 నంబరు పెప్. పైథాన్‌ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ దాన్ని తోసిపుచ్చారు. కాబట్టి మనకి ఉన్న మంచి దారి ఒకటే. మొత్తం లూపుల్ని ఒక ఫంక్షన్‌లో పెట్టి, వెతికేది దొరకగానే రిటర్న్ అనండి. ఫంక్షన్‌కి మంచి తెలుగు పేరు పెట్టండి. లైన్లు పెరుగుతాయి. పెరగనివ్వండి.

ఏ లూపు బయట, ఏ లూపు లోపల

ఇది నేర్చుకోవడానికి పెడన వెళ్ళండి. బందరు పక్కనే. కలంకారీ అచ్చులు వేసేవాళ్ళ బల్ల దగ్గర అరగంట నిలబడి చూడండి.

గుడ్డ పరిచి, చెక్కలో చెక్కిన అచ్చుని రంగులో అద్ది, అంచు కలుపుకుంటూ వరసగా వేసుకుంటూ పోతారు. ముందు ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన నల్లరంగుతో గీతల అచ్చు గుడ్డ పొడుగునా. అది పూర్తయ్యాక ఎరుపు రావలసిన చోటికి పటిక అచ్చు. రంగుల లూపు బయట, వరసల లూపు లోపల, వరసలో స్థానాల లూపు ఇంకా లోపల. మూడు అచ్చులు, ఇరవై వరసలు, వరసకి పదిహేను ముద్రలు అనుకోండి, మొత్తం 900 ముద్రలు. అచ్చు మార్చేది మూడుసార్లు.

ఇప్పుడు రంగుల లూపుని లోపలికి తొయ్యండి. ఒక్కో స్థానం దగ్గర నలుపు అచ్చు దించి, పటిక అచ్చు ఎత్తి, అది దించి ఇంకోటి ఎత్తి. ముద్రలు అవే 900. అచ్చు మార్చేది కూడా 900 సార్లు. తడి రంగు మీద తడి రంగు పడి గుడ్డ పాడవడం వేరే. లూపులో తిరుగుళ్ళ లెక్క ఒకటే అయినా వరస మారితే పని మారిపోతుంది. ప్రోగ్రాంలో అచ్చు మార్చడమంటే ఫైలు తెరవడం, డేటాబేస్‌ని అడగడం లాంటి ఖరీదైన పనులు. అవి బయటి లూపులో ఉండాలి.

ప్రొడక్ట్‌లో మూడు లిస్టులూ కామాలతో పక్కపక్కన నిలబడతాయి. కుడి చివరిది అన్నిటికంటే తొందరగా తిరుగుతుంది, నిజమే, కానీ కంటికి మూడూ సమానంగానే కనపడతాయి. ఖరీదైన పని ఎక్కడ పెట్టాలో చూపించే మెట్లు అక్కడ లేవు. విప్పి రాసిన లూపులో మెట్టు దిగేకొద్దీ ఖర్చు పెరుగుతోందని లైను జరుగుడే చెబుతుంది. పైథాన్ పద్ధతి ప్రకారం మెట్టుకి నాలుగు ఖాళీలు. మూడో మెట్టు దగ్గర పన్నెండు ఖాళీలు. ఆ ఖాళీని చూసి జాగ్రత్తపడటం అలవాటు చేసుకోండి.

పొట్టిది వేగమైంది కాదు

లైన్లు తగ్గితే పని తగ్గుతుందని పిల్లలు నమ్ముతారు. తగ్గదు. మూడు వేల మంది రైతుల పట్టికని మూడు వేల చెల్లింపులతో ఒక్కొక్కటిగా సరిచూస్తే 90 లక్షల పోలికలు. ఒక్క లైనులో రాసినా, పది లైన్లలో రాసినా, ప్రొడక్ట్‌లో పెట్టినా అవి 90 లక్షలే. పని నిజంగా తగ్గాలంటే చెల్లింపుల్ని ముందు రైతు నంబరు వారీగా ఒక డిక్షనరీలో వేసుకోవాలి. ఒకసారి మూడు వేలు వేసుకోవడం, ఒకసారి మూడు వేలు తీసుకోవడం. లోపలి లూపు మాయమైపోతుంది. లోపలి లూపు రెండో లైనుగా, తన ఖాళీలతో తాను, కళ్ళెదురుగా ఉన్నప్పుడే దీన్ని తీసెయ్యొచ్చు కదా అన్న ఆలోచన వస్తుంది. మడిచి దాచినదాన్ని తీసెయ్యాలని ఎవరికి తోస్తుంది?

ఈ మధ్య యంత్రాన్ని అడిగితే ఒక్క లైను రాసి ఇస్తోంది. ఇవ్వనివ్వండి. దాన్ని అలాగే అతికించకండి. మెట్లు మెట్లుగా విప్పి, పక్కన తెలుగు వాక్యం రాసి, మొదటి తిరుగుడు చేత్తో నడిపి, అప్పుడు వాడండి.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళకి పైథాన్ వాడే తీరు తెలియదనీ, పాతకాలం రాత రాస్తారనీ అనేవాళ్ళున్నారు. అననివ్వండి. మా పిల్లలు రాసిన ప్రోగ్రాం ఆరు నెలల తర్వాత ఇంకొకరు తెరిచినా, తూము ఎక్కడుందో చేను ఎక్కడుందో అడగకుండానే తెలుస్తుంది. కుదించడం వాళ్ళూ నేర్చుకుంటారు, ఏడాది తర్వాత. అదీ ఒక్క షరతు మీద. కుదించిన లైనుని చూడకుండా, కాగితం మీద మళ్ళీ మొత్తం విప్పి రాయగలగాలి. విప్పలేని లైను రాసే హక్కు లేదని మా గదిలో కట్టుబాటు.

ఈ పూట మీరు రాసిన ప్రోగ్రాముల్లో ఒక్కటి తెరవండి. రెండు ఫర్‌లు ఒకే లైనులో ఉన్న చోటు వెతకండి. దాన్ని విప్పండి. ప్రతి మెట్టుకీ పక్కన ఒక తెలుగు ముక్క రాయండి. 'ఆ' ఎక్కడ వచ్చిందో చూడండి. మొత్తం ఎన్నిసార్లు తిరగాలో లెక్కకట్టి, కాగితం మీద వేసి, అప్పుడు రన్ నొక్కండి. రెండు అంకెలూ కలవకపోతే చింతపిక్కలు తెచ్చుకోండి.